ఎనభై నాలుగో కేసు

పింకీ అసలు పేరు కూడా పింకీయే. నానక్‌రామ్‌గూడ బడిలో చేర్పించిన రోజు సారు పేరేమిటని అడిగితే, వాళ్ల నాన్న పోచయ్య ఇంట్లో పిలిచే పేరే చెప్పేశాడు. అదే పదో తరగతి మెమో మీదికి, నర్సింగ్ సర్టిఫికెట్ మీదికి, ఇప్పుడు మెడలో వేలాడే ఆస్పత్రి కార్డు మీదికి వచ్చింది. ఆమెకు ముప్పై మూడేళ్లు. పెళ్లయింది, మూడేళ్లకు విడిపోయారు. ఆ సంగతి ఇప్పుడు ఎవరూ ఎత్తరు. అద్దాల టవర్ల వెనక సందులో మిగిలిన పాత ఇంట్లో తల్లిదండ్రులతోనే ఉండేది. పోచయ్య బాలానగర్‌లో లేత్ మెషీన్ మీద ముప్పై ఏళ్లు పనిచేసి మానేశాడు. మెషీన్ల మోతకు ఆయన ఎడమ చెవి పోయింది.

పదేళ్లుగా పింకీ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక పెద్ద ప్రైవేటు ఆస్పత్రిలో స్క్రబ్ నర్సు. ఆపరేషన్ బల్ల పక్కన నిలబడి, సర్జన్ చెయ్యి చాచగానే కావలసిన పరికరం ఆ చేతిలో పెట్టాలి. అడగకముందే పెట్టగలిగే నర్సుకు గౌరవం ఎక్కువ. పింకీకి ఆ గౌరవం ఉంది.

ఆస్పత్రివాళ్లు సర్జికల్ ఫస్ట్ అసిస్టెంట్ అని ఒక ఏడాది కోర్సు మొదలుపెడుతున్నారని తెలిసినప్పుడు, దరఖాస్తు పెట్టమని పట్టుబట్టింది తల్లి మల్లమ్మే. ఫస్ట్ అసిస్టెంట్ అంటే సర్జన్‌కు ఎదురుగా నిలబడే మనిషి. కోసిన చోటు మూసుకుపోకుండా రిట్రాక్టర్ పట్టి తెరిచి ఉంచడం, రక్తం తుడిచి సర్జన్‌కు చోటు కనబడేలా చేయడం, ముడులు వేయడం, చివర చర్మం కుట్టడం ఆ మనిషి పని.

"జిందగీ అంతా కత్తులు అందిచ్చుడేనా?" అంది మల్లమ్మ. "నువ్వు గూడ లోపల చెయ్యి పెట్టు జర."

ఆరుగురిని ఎంపిక చేశారు. వాళ్లలో పింకీ పేరు ఉంది. కోర్సు మొదలయ్యే నాటికి మల్లమ్మ లేదు.

ముందు డెంగీ అన్నారు. తర్వాత ఊపిరితిత్తులకు ఇన్‌ఫెక్షన్ పాకింది. తొమ్మిది రోజులు కూతురు పనిచేసే ఆస్పత్రిలోనే, నాలుగో అంతస్తు ఐసీయూలో, వెంటిలేటర్ మీద ఉంది. తొమ్మిదో రోజు డాక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడాడు. పోచయ్య వినపడే చెవి అటు తిప్పి విన్నాడు గాని ఏమీ అర్థం చేసుకోలేదు. ప్రశ్నలన్నీ పింకీయే అడిగింది. బీపీ నిలబెట్టడానికి ఎన్ని మందులు నడుస్తున్నాయి, కిడ్నీలు ఎలా ఉన్నాయి, కంటిలో టార్చి వేస్తే పాపలు స్పందిస్తున్నాయా అని. పక్క వార్డు పేషెంటు గురించి అడిగినట్టే అడిగింది. తర్వాత, "ఇగ చాలు సార్," అని వెంటిలేటర్ తీసేయడానికి ఒప్పుకునే కాగితం మీద సంతకం పెట్టింది.

పదకొండో రోజున ఇంటికొచ్చిన ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బిడ్డ కంట్లో నీటిబొట్టు లేదు. పింకీ వచ్చినవాళ్లకు చాయ్ పోసింది, గిన్నెలు తోమింది, మర్నాడు డ్యూటీకి వెళ్లింది. మత్తు దిగాక నొప్పి తెలుస్తుందమ్మా అని ఆమె ఎందరో పేషెంట్లకు చెప్పి ఉంటుంది. తనకూ కొన్నాళ్లకు తెలుస్తుందనుకుంది. ఒక నెల గడిచింది, రెండో నెల గడిచింది. అన్నం రుచి తెలియడం లేదు, ఆకలీ లేదు, అలసటా లేదు. షేర్ ఆటోలో ఎవరి మోచెయ్యి పొడిచినా పక్కకు జరగాలని కూడా అనిపించేది కాదు.

క్లాసులు శనివారాలు, ఆస్పత్రి కింది అంతస్తులోని సెమినార్ గదిలో. చెప్పేది పుణ్యవతి సిస్టర్. రాజమండ్రి మనిషి. ముప్పై అయిదేళ్లు ఆపరేషన్ థియేటర్లలో పనిచేసి రిటైరయ్యాక, ఈ కోర్సు కోసం మళ్లీ పిలిపించారు. పొట్టలో ఏ నరం ఎక్కడ పోతుందో, ఏ రక్తనాళం దేని కింద దాక్కుంటుందో బోర్డు మీద రంగు చాక్‌పీసులతో గీసేది. కుర్చీ చేతికి దారం కట్టించి, ఎడమ చేత్తో వంద ముడులు, కుడి చేత్తో వంద ముడులు వేయించేది. మాంసం కొట్టు నుంచి మేక కాళ్లు తెప్పించి చర్మం కోసి కుట్టించేది.

"బ్లేడు పెట్టేశాం కదా అని గోడ గడియారం చూస్తూ నిలబడకండి," అనేది, రిట్రాక్టర్‌కు ఉండే, కండను పక్కకు నెట్టి పట్టే రేకు చూపించి. "అరగంటకోసారి చూడాలి. కింద పెట్టిన మాప్ గుడ్డ జారిందా, బ్లేడు లోతుకి దిగిందా, కండ మీద కూర్చుందా. జారితే ఆపమని చెప్పాలి. సర్జన్ గారు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ఆయన విసుగు సాయంత్రానికి పోతుంది."

కోర్సు పూర్తవడానికి నూట ఇరవై ఆపరేషన్లలో నిలబడాలి. ప్రతిదీ లాగ్‌బుక్కులో రాయాలి. పది కేసులకోసారి ఒక పూర్తి పేజీ. ఏం చేశాను, ఏం గమనించాను, ఏమనిపించింది అని మూడు భాగాలు. పింకీ మొదటి రెండు భాగాలూ అచ్చు గుద్దినట్టు రాసేది. మూడోది ఖాళీగా వదిలేది.

"ఇది రాయలేదేమ్మా?" అని పుణ్యవతి అడిగింది.

"రాసేందుకు ఏం లేదు సిస్టర్."

"మొదటిసారి నీ చేత్తో పొట్ట మూసి కుట్టావు. ఏమీ అనిపించలేదా?"

పింకీ నిజంగానే ఆలోచించింది. "కుట్టు సక్కగ వచ్చిందనిపించింది," అంది. పుణ్యవతి అదే రాయమని పుస్తకం తిరిగి ఇచ్చేసింది.

సర్జన్లకు మాత్రం పింకీ అంటే ఇష్టం పెరిగింది. చెయ్యి కదలదు, నాలుగు గంటలు నిలబడ్డా కాలు మార్చదు, పక్కన ఏం జరుగుతున్నా కంగారు పడదు. గైనకాలజిస్టు డాక్టర్ వాసంతి అయితే పెద్ద కేసులకు పేరు పెట్టి అడిగేది. "రాయిలా నిలబడుతుందండీ ఈ అమ్మాయి," అని మెచ్చుకునేది.

ఎనభై నాలుగో కేసు రుక్కమ్మ.

ఆమెకు నలభై ఎనిమిదేళ్లు. మదీనాగూడలో హైవే పక్కన పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. సన్నటి మనిషి, మోచేతుల దాకా ఎముకలే. గర్భసంచిలో పెద్ద గడ్డ పెరిగింది. పొట్ట తెరిచి తీయాలన్నారు. ఆపరేషన్ రోజు పొద్దున థియేటర్ బయట స్ట్రెచర్ మీద ఉన్నప్పుడు పింకీ వచ్చి కాగితాలు సరిచూసింది. రుక్కమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, నువ్వు ఉంటవా లోపల?"

"ఉంటనమ్మా."

"ఆఖరి దాకా?"

"ఆఖరి దాకా ఉంట. ఫికర్ చెయ్యకు."

ఆపరేషన్ దాదాపు మూడు గంటలు పట్టింది. పొట్ట తెరిచాక వాసంతి దానంతట అదే పట్టి ఉంచే పెద్ద రిట్రాక్టర్ అమర్చింది. దాని బ్లేడ్ల కింద, లోపల ఒత్తుకోకుండా, పింకీ మాప్ గుడ్డలు మెత్తగా మడిచి పెట్టింది. మొదటి అరగంటకు చూసింది, అంతా సరిగ్గానే ఉంది. గంట దాటాక మళ్లీ కళ్లు అటు వెళ్లాయి. కుడి వైపు మాప్ జారిపోయింది. బ్లేడు కిందికి దిగి, తొడకు వెళ్లే నరం ఉండే చోట, కండ మీద నేరుగా కూర్చుంది. సన్నటి మనుషుల్లో ఇది మరీ జాగ్రత్తగా చూడాలని పుణ్యవతి బోర్డు మీద ఎర్ర చాక్‌పీసుతో గీసి చూపించిన చోటే అది.

పింకీ చూసింది. చూసి ఊరుకుంది. సర్జన్ విసుక్కుంటుందని భయపడలేదు. తర్వాత చెబుదామని వాయిదా వేసుకోలేదు. అసలు లోపల ఏ మాటా పుట్టలేదు. గడియారంలో ముల్లు కదిలినట్టు, మానిటర్ మీద గీత పాకినట్టు అదీ ఒకటి కనిపించింది, అంతే. వాసంతి రక్తం కారుతున్న చోట ముడి అడిగితే వేసింది. మరో గంటన్నర బ్లేడు అక్కడే ఉంది. చివర చర్మం తనే కుట్టింది. కుట్టు సన్నగా, తిన్నగా వచ్చింది.

మర్నాడు పొద్దున నర్సు పట్టుకుని మంచం దింపబోతే రుక్కమ్మ కుడి మోకాలు ఒక్కసారిగా మడతపడిపోయింది. నర్సు పట్టుకోకపోతే నేల మీద పడేదే. తొడ ముందు భాగం అంతా మొద్దుబారింది. పరీక్షలు చేశారు. ఆపరేషన్‌లో నరం నొక్కుకుపోయిందన్నారు. ఇలాంటివి ఒక్కోసారి జరుగుతాయి, చాలామందికి కొన్ని వారాల్లో, నెలల్లో తిరిగి వస్తుంది అని వాసంతి రుక్కమ్మకు చెప్పింది. ఎందుకు జరిగిందని పింకీని ఎవరూ అడగలేదు. అడగాలని ఎవరికీ తోచలేదు కూడా.

మూడో రోజు పింకీ వార్డుకు వెళ్లింది. ఎందుకు వెళ్లిందో ఆమెకు తెలియదు. రుక్కమ్మ గుర్తుపట్టి నవ్వింది.

"రా బిడ్డా. చూడు నా కత. ఈ కాలు నాది కాదనిపిస్తుంది. ఎవరిదో తెచ్చి అతికిచ్చినట్టున్నది." తొడ మీది దుప్పటి తీసింది. "నువ్వు గిచ్చు జర."

పింకీ గిచ్చింది.

"ఇంక గట్టిగ."

గట్టిగా గిచ్చింది. గోళ్లు దిగి చర్మం మీద రెండు ఎర్రటి గీతలు పడ్డాయి. రుక్కమ్మ వాటిని వేరెవరి కాలో చూసినట్టు తీరిగ్గా చూసింది. "తెలుస్తలేదు," అంది. "నొయ్యకుంటే మంచిదే అనుకుంటరు. గానీ బిడ్డా, భయమైతుంది. రేపు పొయ్యి ముంగట కూసుంటే చీర అంటుకున్నా తెల్వదు గదా."

పింకీ దుప్పటి కప్పి బయటికొచ్చింది. ఏడుపు రాలేదు. చూసిన సంగతి మాత్రం వదలకుండా కళ్లముందు ఉంది. జారిన మాప్, కిందికి దిగిన బ్లేడు.

ఆదివారం పొద్దున పోచయ్య వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంటే, ఆయన కుడి చెవి వైపు కూర్చుని మొత్తం చెప్పింది.

ఆయన చివరి దాకా విన్నాడు. "ఎవరన్న అడిగిన్రా నిన్ను?"

"లే."

"మరి?"

"నేను చూసిన నాయినా. చూసి గూడ చెప్పలే."

"నేను గూడ ఒకపారి చూసిన," అన్నాడు పోచయ్య. "మెషీన్‌ల పనిముక్కను పట్టుకునే చక్ ఉంటది గదా, దానికి పగులొచ్చింది. షిఫ్టు అయిపోయింది. చెప్తే రిపేరుకు నన్నే నిలబెడ్తరని చెప్పకుంట ఇంటికొచ్చిన. నా తర్వాత ఎక్కినోడు రామాంజనేయులు. రెండు వేళ్లు పోయినయ్ వానికి, ఈ చెయ్యి." తన చెయ్యి ఎత్తి చివరి రెండు వేళ్లూ మడిచి చూపించాడు. "ఇయ్యాల్టి దాక ఎవ్వలకు చెప్పలే. మీ అమ్మకు గూడ చెప్పలే."

"చెప్పాల్నంటవా?"

"నాకేం తెలుసు బిడ్డా. చెప్పకుంటే ఎట్లుంటదో గంతే తెలుసు నాకు."

సోమవారం ఆమె పుణ్యవతి దగ్గరికి వెళ్లింది, తర్వాత ఇద్దరూ కలిసి వాసంతి దగ్గరికి వెళ్లారు. పింకీ ఏ టైముకు చూసిందో, బ్లేడు ఎక్కడుందో, ఎంతసేపు ఉందో కేసు షీటు చదివినట్టు చెప్పింది. వాసంతి మొహం ఎర్రబడింది.

"అప్పుడు ఎందుకు చెప్పలేదు? ఒక్క మాట! నేనేమైనా కరుస్తానా?"

"లే మేడమ్. భయపడి కాదు."

"మరి?"

"ఎందుకో నాకే తెల్వదు మేడమ్. కనబడ్డది. మాట రాలేదు."

వాసంతి పెన్ను బల్ల మీద పడేసి కిటికీ వైపు తిరిగింది. గొంతు తగ్గించి, "బ్లేడు పెట్టింది నేను. మళ్లీ చూడాల్సింది నేనూను," అంది. "పదండి. ఆవిడకి చెప్పాలి."

సంగతి తెలిసి ఆస్పత్రి యాజమాన్యం నుంచి ఒకాయన ఫోన్ చేసి, తెలిసిన కాంప్లికేషనే కదా, ఇంత వివరంగా చెప్పుకోవాలా అన్నాడు. చెప్పుకోవాలండీ అని వాసంతి ఫోన్ పెట్టేసింది.

రుక్కమ్మ మంచం దగ్గర డాక్టరే ముందు మాట్లాడింది. తర్వాత పింకీ తన వంతు చెప్పింది. రుక్కమ్మ డాక్టర్ వైపు చూడలేదు. పింకీనే చూసింది.

"లోపల ఉంట అన్నవ్ గద."

"ఉన్ననమ్మా."

"ఉండి ఏం జేసినవ్?"

రుక్కమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. "పో. నా ముంగటికి రాకు," అంది. కాలు నయమయ్యే దాకా ఫిజియోథెరపీ ఆస్పత్రే చేయిస్తుందని వాసంతి చెబుతుంటే కూడా ఇటు తిరగలేదు.

ఆరు వారాలు పింకీని థియేటర్‌లోకి రానివ్వలేదు. కోర్సు అక్కడికి ఆగిపోయింది. తర్వాతి బ్యాచ్‌తో కలిసి, ఆ ఎనభై నాలుగూ లెక్కలోకి రాకుండా, మళ్లీ మొదటి కేసు నుంచి మొదలుపెట్టాలన్నారు. ఆమె సరేనంది. ఆ ఉత్తర్వు చేతికిచ్చిన రోజు పుణ్యవతి తలుపు వేసి ఎదురుగా కూర్చుంది.

"మీ అమ్మగారు పోయి ఎన్నాళ్లయింది?"

"ఎనిమిది నెలలు."

"పన్నెండో రోజే డ్యూటీకి వచ్చేశావు. ఎంత ధైర్యమో అని అందరితో పాటు నేనూ మెచ్చుకున్నాను. ఇంటికి పోయి కొన్నాళ్లుండి రా అని ఒక్కరమూ అనలేదు." పుణ్యవతి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "నువ్వు మూడో భాగం ఖాళీగా వదిలిన పేజీలు ఏడు చూశాను. చూసి ఏడు సంతకాలు పెట్టాను. నాదీ తప్పేనమ్మా."

స్టాఫ్ కోసం వారానికి రెండు రోజులు వచ్చే ఒక సైకాలజిస్టు దగ్గరికి పంపించింది. మొదటి నాలుగు సార్లూ పింకీ ఆ గదిలో దాదాపు ఏమీ మాట్లాడలేదు. అయినా మానకుండా వెళ్లింది.

ఆ ఆరు వారాలు ఆమెకు ఓపీలో డ్యూటీ వేశారు. ఫిజియోథెరపీ గది అదే వరండాలో ఉంది. వారానికి మూడు రోజులు రుక్కమ్మ మోకాలికి పట్టీ కట్టుకుని, వాకర్ పట్టుకుని ఎదురుగానే వెళ్లేది. చూసి కూడా చూడనట్టు వెళ్లేది. నాలుగో వారంలో ఒకరోజు గదిలోంచి కేక వినిపించి పింకీ తలుపు దగ్గరికి పరుగెత్తింది. రుక్కమ్మ తొడ పట్టుకుని ఏడుస్తోంది.

"మంట పుడుతుంది సార్! సూదులు పొడిసినట్టైతుంది!"

"మంచిదేనమ్మా, నరం మళ్లీ పనిచేస్తున్నట్టు," అంటున్నాడు ఫిజియోథెరపిస్టు.

"మంచిదని నాకు గూడ తెలుసు. నొస్తుందంటున్న!" అని అరిచింది రుక్కమ్మ. తలుపు దగ్గర పింకీని చూసింది. ఈసారి పొమ్మనలేదు. రమ్మనీ అనలేదు.

ఆ తర్వాతి వారం పింకీ పనికి వస్తుంటే, షేర్ ఆటో డ్రైవరు వెనక సీట్లో అప్పటికే నలుగురుండగా అయిదో మనిషిని ఎక్కించాడు. రోజూ జరిగేదే. పింకీకి ఉన్నట్టుండి ఒళ్లంతా వేడెక్కింది. "మనుషులమా, బస్తాలమా? ఆపు! ఆపు అంటున్న గద!" అని గొంతు చీలిపోయేలా అరిచింది. పక్కనున్న, మెడలో ఐడీ కార్డులేసుకున్న ఆఫీసు పిల్లలు ఫోన్లలోంచి తలెత్తి చూశారు. ఆటో ఆగకముందే సగం దిగి, ఆఫీసులకు పోయే జనంలో పడి నడవడం మొదలుపెట్టింది. అంత చిన్న విషయానికి అంత కోపం ఎందుకొచ్చిందో తెలియలేదు. ఆస్పత్రి గేటు దాకా అది తగ్గలేదు. ఆ రోజు సైకాలజిస్టుకు ఆ ఆటో సంగతే చెప్పింది. గంటసేపు అదే చెప్పింది.

తర్వాతి బ్యాచ్‌తో మళ్లీ మొదలుపెట్టి, మొన్న వేసవిలో నూట ఇరవై కేసులూ పూర్తి చేసింది. సర్టిఫికెట్ మీద పేరు చూసి ఇచ్చేవాళ్లు నవ్వారు, ఆమె అలవాటుగా తనూ నవ్వింది. రుక్కమ్మ కాలికి బలం నాలుగు నెలలకు వచ్చింది. తొడ మీద అరచేతి మేర ఇప్పటికీ స్పర్శ లేదంటుంది. ఎత్తు పీట మీద కూర్చుని మళ్లీ రొట్టెలు చేస్తోంది. పింకీ ఒకసారి అటు వెళ్లింది. రుక్కమ్మ అందరికీ ఇచ్చినట్టే రెండు రొట్టెలు, పచ్చిమిరప తొక్కు కాగితంలో పెట్టి ఇచ్చింది. క్షమించానని అనలేదు. పింకీ అడగనూ లేదు.

తల్లి కోసం పింకీ ఇంతవరకూ ఏడవలేదు. మల్లమ్మ గురించి పోచయ్య మాట్లాడుతుంటే ఒక్కోసారి లేచి లోపలికి వెళ్లిపోతుంది, ఒక్కోసారి కూర్చుంటుంది. కూరలో ఉప్పు ఎక్కువైతే మాత్రం ఈమధ్య చెబుతోంది.

థియేటర్‌లో ఇప్పుడు ఆమె రాయిలా నిలబడదు. ఒక నిమిషం ఆపండి సార్, ఇక్కడ చూసుకోండి మేడమ్ అని అంటూనే ఉంటుంది. ఎక్కువ మాట్లాడుతుందని ఇద్దరు సర్జన్లు తమ కేసులకు ఆమెను అడగడం మానేశారు. వాసంతి మానలేదు. వచ్చే బుధవారం రెండు పెద్ద కేసులున్నాయి. లిస్టులో ఫస్ట్ అసిస్టెంట్ అన్న చోట రెండింటికీ పింకీ పేరే ఉంది.